కమాను కట్టలు, మొండి మరలు

బరంపురమునకు సముద్రము దూరము కాదు. గోపాలపురపు తీరము సుమారు 15 కిలోమీటర్లలో నున్నది. అచ్చటినుండి మంచులో పెట్టిన చేపలను, గంజాము, హుమ్మా ప్రాంతములలోని ఉప్పు మళ్ళనుండి ఉప్పు మూటలను మోయు పికప్పు బండ్లపై మన విద్యార్థుల కుటుంబములు కొన్ని ఆధారపడి యున్నవి. అట్టి బండి పదేండ్లు తిరుగునప్పటికి పైరంగు ఎంత నిగనిగలాడుచున్నను, క్రింది యినుము మాత్రము వేఱొక కథ చెప్పును. మంచు కరగిన ఉప్పునీరు పలకల సందులలోనుండి కారి కమాను కట్టలపై పడును. గాలిలోని తేమ ఆ ఉప్పును ఎన్నడును ఆరనీయదు. కొంతకాలమునకు కట్ట విరిగినను, బుష్షు అరిగినను విప్పవలసి వచ్చును. అప్పుడు నట్టు కదలదు.

పాఠశాల వార్షిక సంచికలో ఈ విషయ మేల యని తల్లిదండ్రులకు తోచవచ్చును. మేము దీనిని వ్రాయుటకు రెండు కారణములు గలవు. మన పిల్లవాడు తరగతిలో లోహముల వ్యాకోచమును, బలభ్రామకమును తెలుగున చదువుచున్నాడు. ఆదివారమునాడు తండ్రి బండి క్రింద పడుకొని యుండగా పానా అందించుచున్నాడు. ఈ రెండును ఒకటే విద్య యని తండ్రియు ఎఱుగడు, కొడుకును ఎఱుగడు. “అది చదువు, ఇది పని” యని ఇద్దరును అనుకొందురు. ఇది మొదటి కారణము. రెండవది అంతకంటె పెద్దది. పానా అందించు పిల్లవాడు ఒక్కొక్కప్పుడు తానును బండి క్రిందికి దూరుచున్నాడు. ఆ బండి దేనిపై నిలిచి యున్నదో చూచువారు తక్కువ.

కమాను అనగా విల్లు. పారసీకమునుండి హిందూస్తానీ ద్వారమున మనకు వచ్చిన మాట యిది. షెడ్డులోని పనివాండ్రు దానిని ఎంతో సముచితముగా నిలుపుకొన్నారు. ఏలయన బండి క్రింది ఉక్కు పట్టీల కట్ట నిజముగా విల్లే. గుఱ్ఱపుబండ్లకై ఇట్టి కమానులను 1804లో ఇంగ్లండున ఒబడయా ఎలియట్ అనునతడు పేటెంటు పొంది ప్రచారమునకు తెచ్చెను. నేటి పికప్పు బండి వెనుక ఇరుసుపై నున్న కట్ట దాని మనుమడే యనవచ్చును. పొడవైన పట్టీ అన్నిటికి పైన, దానిక్రింద క్రమముగా పొట్టివగుచు తక్కిన పట్టీలు. పై పట్టీ రెండు కొనలను గుండ్రముగా చుట్టుదురు. ఆ చుట్టను కన్ను అందురు. కంటిలో బుష్షు, బుష్షులో పిన్ను. ముందరి కన్ను ఛాసిస్సుకు తిన్నగా బిగింపబడి యుండును. వెనుకటి కన్ను మాత్రము షాకిలు అను ఊగెడి ముక్కకు తగిలింపబడును. బరువు పడి విల్లు చదునైనప్పుడు దాని నిడివి పెరుగును గదా. ఆ పెరిగిన నిడివికి చోటిచ్చుటకే షాకిలు. పట్టీల నన్నిటిని నడిమి బోల్టు గ్రుచ్చి కలుపును. కట్టను ఇరుసునకు అదిమి పట్టునవి యూ బోల్టులు.

ఇవి యేల మొండికెత్తును? ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసి తుప్పగును. ఉప్పు ఈ పనిని వేగిరపఱచును. మనము గమనింపవలసిన ముఖ్య విషయము ఇది: తుప్పు తాను పుట్టిన యినుముకంటె హెచ్చు చోటు ఆక్రమించును. తుప్పు రకమును బట్టి అది రెండింతలనుండి ఆరింతలవరకు పెరుగును. బోల్టు మరచుట్లకును నట్టు మరచుట్లకును నడుమ వెండ్రుకవాసి సందు మాత్రమే యుండును. ఆ సందులో పుట్టిన తుప్పునకు పెరుగుటకు చోటు లేక, రెండు ప్రక్కలను నెట్టుచు చీలవలె బిగిసిపోవును. కావున మనము పోరాడుచున్నది నట్టు బిగువుతో కాదు, ఆ సందులో దిగిన చీలతో. ఈ సంగతి తెలిసినవాడు మొదటనే సమ్మెట నెత్తడు.

పని మొదలిడుటకు ముందు బండిని నిలుపు విధానమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పుదుము. ప్రాణము ఇచ్చటనే యున్నది, నట్టునందు లేదు.

వెనుక చక్రములను పైకెత్తినప్పుడు చేతి బ్రేకును నమ్మరాదు. చాల బండ్లలో అది వెనుక చక్రములనే పట్టును. గాలిలో నున్న చక్రమును పట్టినందువలన బండి నిలువదు. ముందు చక్రములకు ముందును వెనుకను చీలదిమ్మలు పెట్టవలెను. నేల చదునుగను గట్టిగను ఉండవలెను. ఎండకు మెత్తబడిన తారుపై, వానకు నానిన మట్టిపై జాకీ దిగబడును. జాకీ బండిని ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. నూనెతో పనిచేయు జాకీలోని చిన్న రబ్బరు సీలు తెగినచో టన్ను బరువు క్షణములో క్రిందికి దిగును. కావున ఛాసిస్సు పట్టాల క్రింద, కమాను ముందరి కొక్కెమునకు కొంచెము ముందుగా, ఇరుప్రక్కల ఇనుప స్టాండ్లు పెట్టి వానిపై బండిని దింపవలెను. సిమెంటు దిమ్మలు, ఇటుకలు పనికిరావు. అవి పగులుటకు ముందు హెచ్చరిక చేయవు. స్టాండ్లు దొరకనిచో అద్దెకు తెచ్చుకొనవలెను గాని వేఱు దారి వెదకరాదు. బండి దిగిన తరువాత ప్రక్కనుండి భుజముతో గట్టిగా నెట్టి చూడవలెను. కదలునదైతే మనము బయట నున్నప్పుడే కదలును.

ఇరుసు క్రింద వేఱొక జాకీ పెట్టి, కమాను నొక్కబడకయు, వ్రేలాడకయు ఉండునట్లు ఎత్తు సరిచేయవలెను. పిన్నుపై బరువున్నంతవఱకు అది ఎంత నూనె త్రాగినను రాదు. ఇరుసును ఒక అంగుళము ఎత్తియు దించియు చూచినంతనే పిన్ను వదులైన సందర్భములు గలవు. ఇది ఖర్చులేని ఉపాయము. పలువురు దీనిని చివరకు గాని తలపరు.

పిల్లవానికి కండ్లద్దములు పెట్టింపుడు. తల అంచులు పుట్టగొడుగువలె విచ్చుకొన్న పాత ఉలిని సుత్తితో కొట్టినప్పుడు ఉక్కు పెళుసు ఎగిరి వచ్చును. అది చూచు కన్నునే వెదకికొని పోయినట్లుండును.

ఇక నూనె. మొదట వైరు బ్రష్షుతో బోల్టు కొనయందు బయటికి కనబడు మరచుట్లను లోహము మెరయువఱకు రుద్దవలెను. నట్టు నడువవలసిన బాట అదే గదా. బురద కట్టిన మరపై నూనె పోసినచో బురద నానును, మర నానదు. చొచ్చుకొనిపోవు నూనె డబ్బాలు బజారులో దొరకును. అసిటోనును, ఆటోమేటిక్ గేరుపెట్టెల నూనెను సమపాళ్ళుగా కలిపి వాడువారును గలరు. పల్చని ద్రవము సందులోనికి ప్రాకును, అది ఆరినపిదప జారుడు నూనె అందు మిగులును. మన షెడ్డులలో కిరసనాయిలులో కొంచెము ఇంజను నూనె కలుపుట ఈ సూత్రమునకు లోబడినదే. అసిటోను ఆవిరి సులభముగా మండును. దానిని వాడిన చోట ఆనాడు మంట తగదు.

నూనె పోసిన గంటకే పానా పట్టుట వృథా. శుక్రవారము సాయంత్రము ఒకమాఱు, శనివారము ఉదయసాయంత్రములు రెండుమాఱులు పోసి, పోసిన ప్రతిసారి నట్టు ప్రక్కలపై చిన్న సుత్తితో పదిపదునైదు దెబ్బలు కొట్టవలెను. గట్టిదెబ్బ అక్కఱలేదు. ఆ అదురునకు తుప్పు పొడి నెఱ్ఱెలు విచ్చును, ఆ నెఱ్ఱెలలోనికి నూనె దిగును. ఆదివారమునాడు పని సగము తేలికయగును. సోమవారము కిరాయి ఉన్నదన్న తొందరలో ఆదివారము మధ్యాహ్నము మొదలుపెట్టినవాడే సాయంకాలమునకు బోల్టు విరుగగొట్టుకొనును.

పానా విషయమున తరగతి పాఠము తిన్నగా పనికివచ్చును. 30 సెంటీమీటర్ల పానా కొనపై 20 కిలోగ్రాముల బలముతో లాగినచో నట్టుపై పడు త్రిప్పుడు 6 కిలోగ్రాము మీటర్లు. దానికి పైపు తొడిగి 90 సెంటీమీటర్లు చేసినచో అదే చేయి 18 కిలోగ్రాము మీటర్లు పుట్టించును. ఇంతవఱకు పిల్లవాడు చెప్పగలడు. తండ్రి చెప్పవలసినది మరియొకటి కలదు. 12 మిల్లీమీటర్ల మంచి ఉక్కు బోల్టును బిగించునది సుమారు 8 కిలోగ్రాము మీటర్లతోనే. కావున పొడుగు పైపు నట్టు నెంత సులభముగా త్రిప్పునో, బోల్టు నంత సులభముగా విరుచును. నట్టు నిజముగా తిరుగునప్పుడు బిఱుసుగా కిఱ్ఱుమనును. బోల్టు మెలిపడునప్పుడు మెత్తగా, రబ్బరువలె సాగినట్లు చేతికి తెలియును. మెత్తదనము తెలిసినంతనే ఆపవలెను. ఈ చేతి తెలివి పుస్తకములో దొరకదు, తండ్రి చేతిపై చేయి వేసి నేర్పవలసినదే. పానాలలో ఆఱు మూలల బాక్సు పానా మేలు. పండ్రెండు మూలలది నట్టు మూలలనే పట్టి గుండ్రము చేయును. డబులెండు పానా మొండి నట్టుకు పెట్టనే రాదు.

ఊరక విప్పుటకు మాత్రమే లాగక, ముందు కొంచెము బిగించు వైపునకు త్రిప్పి, పిమ్మట విప్పవలెను. పావుచుట్టు వచ్చినచో నూనె వేసి మరల వెనుకకు పోవలెను. ముందుకు రెండడుగులు, వెనుకకు ఒక అడుగు. ఒక్క లాగున విప్పిన నట్టు తుప్పు పొడిని మరచుట్లలో కూరుకొని నడుమదారిలో మరల బిగిసిపోవును.

ఎటువైపు త్రిప్పవలెనో తెలిసియే త్రిప్పుచున్నామా యనునది హాస్యపు ప్రశ్న కాదు. 1947లో బొంబాయిలో మహీంద్రావారు విల్లీసు జీపులను కూర్చుట మొదలిడిరి. ఆ వంశపు పాత జీపుల షాకిళ్ళు కొన్ని యూ ఆకారమున నుండి, మరలు గల బుష్షులలో ఆడును. వానిలో కొన్నిటికి ఎడమ మర యుండును. అట్టిదానిని అలవాటు చొప్పున విప్పబోయినవాడు సాయంకాలమువఱకు బిగించుచునే యుండును! పాత జీపునే పికప్పుగా మార్చుకొన్నవారు మనలో నున్నారు గనుక, బలము ప్రయోగింపకముందే కనబడు మరచుట్ల వాలు ఎటున్నదో దీపము పెట్టి చూడవలెను.

వేడి మిక్కిలి శక్తి గల సాధనము. అంతే ప్రమాదకరము. ఉక్కు డిగ్రీ సెంటీగ్రేడు వేడికి తన నిడివిలో పదిలక్షలకు 12 భాగముల చొప్పున వ్యాకోచించును. 16 మిల్లీమీటర్ల నట్టును 300 డిగ్రీలు హెచ్చునట్లు కాల్చినచో దాని కన్నము 0.06 మిల్లీమీటర్ల మేర పెరుగును. వినుటకు స్వల్పమే, కాని ఆ చీలను పగులగొట్టుటకు అది చాలును. అయితే కాల్చవలసినది నట్టును, బోల్టును కాదు. రెండును సమానముగా వేడెక్కినచో రెండును సమానముగా పెరుగును, ఫలము శూన్యము. కావున మంటను నట్టు ప్రక్కలపై త్వరగా త్రిప్పి, వెంటనే పానా పట్టవలెను. వేడి నట్టు అంచున కొవ్వొత్తి నానించినచో మైనము కరగి మరలోనికి ప్రాకి నూనెవలె పనిచేయును. ఈ ఉపాయమును పాత కమ్మరులు మెచ్చుకొందురు, మాకును ఇష్టమే.

మంట తగని చోట్లు నాలుగు గలవు. కమాను పట్టీలను కాల్చరాదు. వాని సాగుడు ఉక్కును ఎఱ్ఱగా కాల్చి, ముంచి, మరల మితముగా వేడిచేసి పదును నిలుపుటవలన కలిగినది. ఎఱ్ఱబారిన పట్టీ పదును కోల్పోయి, నాటిదినము బాగుగనే యున్నను, బరువుతో గోతిలో పడినప్పుడు వంగును లేదా విరుగును. షాకు అబ్జార్బరును కాల్చరాదు. లోని నూనెయు వాయువును వేడెక్కి అది పగులవచ్చును. డీజిలు గొట్టములు, బ్రేకు గొట్టములు చేరువనున్న చోట వానిని విప్పి తప్పింపకయు, తడిగోనె, ఇసుకబకెటు దగ్గఱ నుంచుకొనకయు మంట వెలిగింపరాదు. జింకు పూత గల తెల్లని బోల్టులను మూసిన షెడ్డులో కాల్చరాదు. ఆ పొగ పీల్చినవానికి రాత్రి చలిజ్వరము వచ్చును.

యూ బోల్టుల విషయమున ఇంత శ్రమయు అనవసరము. వానిని మరల వాడరాదు. ఒకమాఱు బిగిసి సాగిన యూ బోల్టు మరల నమ్మదగినది కాదు. కావున నట్టును ఉలితో చీల్చియో, రంపముతో బోల్టును కోసియో తీసివేయుటయే మంచిది. పాతదానిని దక్కించుకొనుటకు రెండు గంటలు పోరాడువారిని చూచి మాకు జాలి కలుగును.

అన్నిటికంటె మొండిది కంటిలోని పిన్ను. పాత జీపుల యినుప బుష్షులలో ఇంత బాధ లేదు, గ్రీజు పెట్టుచుండినచో చాలును. నేటి బండ్ల రబ్బరు బుష్షులో మూడు పొరలు: బయట ఇనుప చుట్ట, నడుమ రబ్బరు, లోపల ఉక్కు గొట్టము. బోల్టు ఆ గొట్టములో నుండును. ఉప్పునీరు గొట్టములోనికి దిగి, బోల్టును గొట్టమును ఏకము చేయును. నట్టు సులభముగా వచ్చును, మనము సంతోషింతుము. పిమ్మట బోల్టును వెనుకనుండి కొట్టుదుము. అది రాదు. ఎంత పెద్ద సమ్మెటతో కొట్టినను రబ్బరు ఆ దెబ్బను మ్రింగివేయును. బోల్టు తలను త్రిప్పినచో గొట్టము దానితో తిరుగును, రబ్బరు మెలిపడి, వదలగనే మరల యథాస్థానమునకు వచ్చును. ఇచ్చట వేడియు తగదు. రబ్బరు అంటుకొని నల్లని విషపుపొగ వచ్చును.

రెండు కొనలనుండి నూనె పోసి ఒక దినము వేచి, బోల్టును ఇటునటు మెలిపెట్టి చూడవలెను. అయినను రానిచో దానిని కోయుటయే మార్గము. కమాను కంటికిని ఛాసిస్సు కొక్కెమునకును నడుమ ఇరుప్రక్కల సన్నని సందుండును. ఆ సందులలో రంపపు బ్లేడు గాని, పల్చని కోతబిళ్ళ గల గ్రైండరు గాని దూర్చి బోల్టును రెండు చోట్ల కోయవలెను. కొక్కెమును గాని, పై పట్టీని గాని కొంచెమైనను కోయరాదు. అచ్చట పడిన గీతయే పిమ్మట పగులు. రెండవ కోత తెగుచుండగా కట్ట ఒక్కసారిగా క్రిందికి దిగును. ఒకడు చేతితో ఆపగల బరువు కాదది. ముందుగనే దాని క్రింద దుంగ పెట్టి యుండవలెను. ఆ సమయమున పిల్లవాడు బండి క్రింద ఉండనే రాదు. వాని పని బయట నిలిచి దీపము పట్టుట. కొత్త బుష్షు, కొత్త బోల్టు చేతికి వచ్చినపిదపనే కోత మొదలిడవలెను. లేనిచో బండి స్టాండ్లపై వారము దినములు నిలిచిపోవును, ఇంటి రాబడియు దానితోపాటు నిలిచిపోవును.

పట్టీ విరిగినచో కట్టను విడదీయవలెను. నడిమి బోల్టు విప్పుటకు ముందు కట్టను రెండు గట్టి సీ క్లాంపులతో నడుమ నొక్కిపట్టవలెను. ఒక్కొక్క పట్టీ వంపు వేఱువేఱు గనుక, నొక్కియుంచినది తీయగనే అవి విచ్చుకొని ఎగురును. క్లాంపులను మెల్లమెల్లగా, ఒకదాని తరువాత నొకటి వదులు చేయవలెను. ముందు చక్రములకు చుట్ట స్ప్రింగులు గల బండియైతే ఆ పనిని ఇంట పెట్టుకొనరాదు. నొక్కబడిన చుట్ట స్ప్రింగు తగిన పరికరము లేక విప్పువానిని చంపగలదు.

తిరిగి కూర్చునప్పుడు నడిమి బోల్టు తల ఇరుసు పీటలోని గుంటలో సరిగా కూర్చున్నదో లేదో వ్రేలితో తడవి చూడవలెను. కూర్చుండనిచో ఇరుసు ప్రక్కకు జరిగి బండి వాలుగా నడుచును. బోల్టు ఒడలికి గ్రీజు పూసి గొట్టములో పెట్టినచో పదేండ్ల తరువాత విప్పువాడు మనలను దీవించును. మరచుట్లకు మాత్రము పూయుటలో జాగ్రత్త వలెను. నూనె తగిలిన మర అదే త్రిప్పుడుకు హెచ్చుగా బిగియును. బండి చేసినవారిచ్చిన లెక్క పొడి మరకో, నూనె మరకో చూచి నడచుకొనవలెను. యూ బోల్టుల నాలుగు నట్లను ఒక్కొక్కటి పూర్తిగా కాక, మూలకు మూలగా, విడతలుగా బిగింపవలెను. రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రము బండి స్టాండ్లపై నుండగా పూర్తిగా బిగింపరాదు. చక్రములు నేలకు దిగి, బండి బరువు కమానుపై పడినతరువాతనే తుది బిగింపు. గాలిలో వ్రేలాడు స్థితిలో బిగించిన రబ్బరు, బండి దిగగనే మెలిపడి, ఎల్లప్పుడు ఆ మెలితోనే యుండి, కొద్దికాలములో చిరుగును. కొత్త బుష్షు ఆఱు నెలలకే పోయినదని అంగడివానిని తిట్టువారిలో కొందఱికి కారణ మిదియే.

మొదటి బరువు కిరాయి అయినవెంటనే యూ బోల్టులను మరల పట్టి చూడవలెను. వారము గడచినపిదప మరియొకసారి. కొత్త పట్టీలు ఒకదానిపై నొకటి ఒదిగి కూర్చుండుటవలన బిగువు కొంత సడలుట సహజము. బిగించినతరువాత నట్టు మీదుగా బోల్టు కొనవఱకు తెల్లరంగుతో సన్నని గీత గీయుడు. గీత రెండుగా తప్పినచో నట్టు కదలినదని గ్రహింపవలెను. ప్రతి ఉదయము బడికి పోవుటకు ముందు ఆ గీతలను చూచి వచ్చు పనిని పిల్లవానికి అప్పగింపవచ్చును. అందుకు బండి క్రిందికి దూరనక్కఱలేదు, చక్రము ప్రక్కన వంగి చూచిన చాలును.